తెర పడ్డాక ఆమె ఎక్కడికి వెళ్ళింది?

"టీవీ వచ్చి నాటకాన్ని చంపేసింది" అనే మాట మన నాటకసభల్లో ప్రార్థనాగీతంలా తయారయింది. వక్త ఎవరైనా, సందర్భం ఏదైనా, ముందు ఈ మాట అనేసి ఆ తర్వాతే అసలు విషయానికి వస్తున్నారు. నేనూ కొన్ని సభల్లో ఈ మాట అన్నాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అది తప్పు, పైగా మనకి అనుకూలమైన తప్పు. హంతకుడు బయటినుంచి వచ్చాడని తేల్చేస్తే ఇంట్లోవాళ్ళని ఎవరూ ప్రశ్నించరు.

ముందు చరిత్ర చూద్దాం. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయింది. జెమిని, ఈటీవీ వంటి ప్రైవేటు చానళ్ళు 1995లో వచ్చాయి. రోజువారీ సీరియల్ తెలుగు ఇళ్ళలో సాయంత్రపు అలవాటుగా స్థిరపడింది ఆ తర్వాతనే. నాటకం జనానికి దూరం కావడం అంతకు చాలా ముందే మొదలయింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి నాటకాన్ని పల్లెకి తీసుకుపోయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన "మా భూమి" తెలంగాణా రైతాంగ పోరాటాన్ని ఊరూరా చూపించింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒక నాటకాన్ని చూసి ప్రభుత్వం భయపడిందంటే ఆ నాటకానికి ప్రేక్షకులు ఉన్నారనే అర్థం. నిర్బంధం ఆ దళాలని చెదరగొట్టింది. మంచి నటులు, ప్రయోక్తలు సినిమాలకి వెళ్ళారు. "మా భూమి"ని ప్రయోగించిన గరికపాటి రాజారావే 1953లో "పుట్టిల్లు" సినిమా తీశాడు. ఇలా మొదటి దెబ్బ ప్రభుత్వానిది, రెండోది సినిమాది. టీవీ వచ్చేనాటికి మన నాటకం అప్పటికే తన ప్రేక్షకుల్ని వెతుక్కుంటోంది.

మిగిలింది పరిషత్తు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ ఒరవడిలో ఎన్నో పట్టణాల్లో, పెద్ద గ్రామాల్లో పరిషత్తులు వెలిశాయి. 1998 నుంచి ప్రభుత్వ నంది నాటకోత్సవాలు కూడా తోడయ్యాయి. పరిషత్తులు చేసిన మేలుని నేను తక్కువ చెయ్యను. సాంఘిక నాటకం బతికి బట్టకట్టింది వాటివల్లే. కాని పోటీ తనతోపాటు ఒక జబ్బుని కూడా తెచ్చింది. ప్రేక్షకుడు లేచి వెళ్ళిపోయిన కుర్చీలో న్యాయనిర్ణేత వచ్చి కూర్చున్నాడు. నాటిక ఎంతసేపుండాలి, రంగాలంకరణకి ఎన్ని నిమిషాలు, ఉత్తమ నటుడెవరు, ఉత్తమ ప్రతినాయకుడెవరు - ఇవన్నీ లెక్కకు వచ్చాయి. చూసినవాడు ఇంటికి వెళ్ళి ఏం ఆలోచించాడన్నది ఏ లెక్కలోకీ రాలేదు.

ఇది నేను బయటినుంచి చెబుతున్న మాట కాదు. ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న పట్టణంలో మూడు రాత్రుల పోటీలకి ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణి. రెండో రాత్రి పదకొండు గంటలకి హాల్లో ఉన్న నూటికి డెబ్బై మంది ఆడబోతున్న, ఆడేసిన సమాజాలవాళ్ళే. ఆ రాత్రి చూసిన ఒక నాటికలో అత్తింటి హింస భరించలేని కోడలు చివర మెళ్ళో తాళి తీసి బల్ల మీద పెట్టి, గడప దాటి వెళ్ళిపోతుంది. వెనక ఎర్ర దీపం, నేపథ్యంలో డప్పు. తెర పడింది. మేం ముగ్గురం మంచి మార్కులే వేశాం. "అభ్యుదయకరమైన ముగింపు" అని నా కాగితం మీద నేనే రాశాను.

ఆ పాత్ర వేసిన నటి ఆ మూడు రాత్రుల్లో నాలుగు సమాజాల తరఫున నాలుగు వేషాలు వేసింది. మన నాటకరంగంలో ఇది మామూలే. సమాజంలో మగవాళ్ళు సభ్యులు, నటి పారితోషికానికి వచ్చే మనిషి. ఒకటి రెండు రిహార్సల్సు, తర్వాత ప్రదర్శన, తర్వాత రాత్రి బస్సు. బహుమతి ప్రదానం అయ్యాక టీ తాగుతూ, మీ కోడలి వేషం చాలా బాగుందమ్మా అన్నాను. ఆమె నవ్వింది.

"ఇల్లు వదిలి వెళ్ళిపోయే వేషం ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు మాస్టారూ. గడప దాటాక ఎటు పోయానో ఒక్క రచయితా రాయలేదు."

తర్వాత మరో మాట కూడా అంది. అప్పటికే ఆమె హైదరాబాదులో టీవీ సీరియల్లో చిన్న వేషం వేస్తోంది.

"అక్కడ నయం లెండి. అసలు వెళ్ళనివ్వరు."

నేటి తెలుగు నాటకం మీదా, టీవీ సీరియల్ మీదా నేను చదివిన ఏ విమర్శా ఈ రెండు వాక్యాలంత సూటిగా లేదు. నాటికలో స్త్రీ ముగింపు కోసం వెళ్ళిపోతుంది. సీరియల్లో ముగింపు రాకుండా ఉండడం కోసం ఆగిపోతుంది. రెండు చోట్లా ఆమె బతుకుతెరువు ప్రశ్న రంగస్థలం మీదికి రాదు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇబ్సెన్ నోరా 1879లో తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. 1923లో బీజింగులో విద్యార్థినుల ఎదుట లూ సున్ ఈ సంగతి మీదే ప్రసంగించాడు: నోరా వెళ్ళిపోయాక ఏమైంది? చేతిలో డబ్బు లేకపోతే, ఆర్థిక హక్కు లేకపోతే ఆమెకి మిగిలేవి రెండే దారులు, పతనం కావడమో తిరిగి రావడమో అన్నాడు. మన నటి లూ సున్‌ని చదివి ఉండదు. చదవవలసిన అవసరం లేకుండానే అదే చోటికి వచ్చింది.

మన దగ్గరా ఈ ప్రశ్నకి జవాబు రాసిన నాటకం ఉంది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడి, 1909లో పూర్తిగా తిరగరాయబడిన "కన్యాశుల్కం". బుచ్చమ్మ గిరీశంతో లేచిపోవడం గొప్ప నాటకీయ సన్నివేశం. గురజాడ అక్కడ తెర దించి ఉంటే ఈనాటి పరిషత్తులో బహుమతి వచ్చేది. ఆయన దించలేదు. బుచ్చమ్మ పూనా వితంతు శరణాలయానికి వెళ్ళి చదువుకోవాలని నాటకంలోనే తేల్చాడు. గిరీశం చేతిలో పెట్టి పెళ్ళి బాజాలతో ముగించలేదు. ఆ పరిష్కారం సంస్కరణవాదపు పరిధిలోనిదేనని మనం విమర్శించవచ్చు. కాని ఒక చిరునామా అంటూ ఉంది. ఆ నాటకంలో పిల్ల ధర ఎంత, అప్పు ఎంత, వకీలు ఫీజు ఎంత అనేవి పాత్రలు నోటితో మాట్లాడతాయి. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తెలిసిన రచయితకే మనిషి ఎక్కడికి పోగలదో తెలుస్తుంది.

ఇప్పుడు సీరియల్ సంగతి. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచిన "కార్తీకదీపం" తీసుకుందాం. మలయాళ సీరియల్ "కరుత్తముత్తు"కి ఇది తెలుగు రూపం. నల్లని పిల్ల దీప. డాక్టరు భర్త ఆమెని అనుమానించి దూరం చేస్తాడు. కవల పిల్లలు వేరువేరుగా పెరుగుతారు. కథాబీజం బలమైనదే. రంగు, శీలం, పితృస్వామ్యం మూడూ అందులో ఉన్నాయి. కాని ఒక అనుమానం తీరడమన్నది ఏళ్ళ తరబడి వాయిదా పడుతుంది. అనుమానం తీరితే కథ అయిపోతుంది, కథ అయిపోతే ప్రకటనలు అయిపోతాయి. నాటకంలో సంఘర్షణ ఒక నిర్ణయానికి దారి తీస్తుంది. ఇక్కడ సంఘర్షణ ఉన్నది నిర్ణయం రాకుండా ఆపడానికి. రేమండ్ విలియమ్స్ 1974లోనే టీవీ గురించి చెబుతూ, అందులో ఒక్కొక్క కార్యక్రమం కాక ఆగకుండా సాగే ప్రవాహమే అసలు సరుకని అన్నాడు. ప్రవాహానికి ఒడ్డు అక్కర్లేదు.

ఇంతవరకు మన విమర్శకులందరూ ఒప్పుకుంటారు. వాళ్ళతో నాకు పేచీ వచ్చేది ఇకమీదే. సీరియల్ని తిట్టేటప్పుడు మనం దాన్ని చూసే స్త్రీని కూడా కలిపి తిడుతున్నాం. "ఒకే ముఖాన్ని మూడుసార్లు చూపిస్తారు, జరిగిందే మళ్ళీ చెప్పుకుంటారు, ఎలా చూస్తారో" అని మగవాళ్ళం నవ్వుకుంటాం. నేనూ నవ్వేవాణ్ణి. సిరిసిల్లలో ఒక మిత్రుడి ఇంటికి వెళ్ళినపుడు ఆ నవ్వు ఆగిపోయింది. అరుగు మీద నలుగురు స్త్రీలు చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. లోపల గదిలో టీవీ నడుస్తోంది. గంటసేపట్లో ఒక్కరైనా పదిసార్లకి మించి తల తిప్పి తెర వైపు చూడలేదు. చూస్తే చెయ్యి ఆగుతుంది, వెయ్యి బీడీల లెక్క తప్పుతుంది. వాళ్ళు సీరియల్ని వింటున్నారు.

అప్పుడు నాకు ఆ రూపం అర్థమయింది. పాత్రలు తాము చేస్తున్న పనిని నోటితో ఎందుకు చెబుతాయి? ముఖ్యమైన మాటకి ముందు ఢామ్మని సంగీతం ఎందుకు? జరిగిన కథే ఎందుకు మళ్ళీ చెబుతారు? చేతులు ఖాళీ లేని మనిషి మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి వచ్చినా కథ చెయ్యి జారిపోకూడదు గనుక. సీరియల్ శిల్పం స్త్రీ శ్రమ చుట్టూ అల్లినది. మనం శిల్పలోపం అనుకున్నది వ్యాపారి జాగ్రత్తగా కనిపెట్టిన సదుపాయం. ప్రేక్షకురాలి పనిగంటలు మనకంటే అతనికే బాగా తెలుసు.

అసలు వైరుధ్యం ఇక్కడే ఉంది. రూపమంతా ఆమె శ్రమని లెక్కలోకి తీసుకుంది. వస్తువులో మాత్రం ఆ శ్రమకి చోటు లేదు. సీరియల్ ఇళ్ళలో పొద్దున్నుంచి రాత్రిదాకా పట్టుచీరలతో కుట్రలు జరుగుతాయి. కూలి, అద్దె, గ్యాసు ధర, పిల్లల ఫీజు గురించిన మాట అరుదు. దీపని జనం "వంటలక్క" అని పిలుచుకున్నారు. గమనించండి, చేసే పనిని బట్టి ఆమెకి పేరు నిలిచింది. ప్రేక్షకులు తమలో ఒకర్తెని గుర్తుపట్టారు. కాని కథ మాత్రం ఆమె సమస్యకి పరిష్కారాన్ని ఆమె గరిటెలో వెతకలేదు, భర్త క్షమాపణలో వెతికింది.

భాష సంగతి కూడా ఇంతే. మలయాళ కథయినా, తమిళ కథయినా, తెలుగు కథయినా ఏ ఊరిదో చెప్పలేని ఒకే గది, ఒకే మాట. కామెడీ స్కిట్లలో ఆ లోటు మరో విధంగా తీరుతోంది: యాస నవ్వుకి, నలుపు నవ్వుకి, "లేడీ గెటప్" నవ్వుకి. స్థానం నరసింహారావు సత్యభామగా నిలబడితే స్త్రీలు ఆ నడకని మెచ్చుకున్న నాటకరంగం మనది. ఆ వేషం ఈనాడు స్త్రీని ఎగతాళి చెయ్యడానికి పనికొస్తోంది. నటుడి ప్రతిభలో లోపం ఉందని అనను. ఆ ప్రతిభని ఎవరు, దేనికోసం కొంటున్నారన్నదే ప్రశ్న.

"అయితే ఏం చెయ్యమంటావు, మనకి చానలు లేదు కదా" అని మిత్రులు అడుగుతారు. టీవీ స్వభావమే ఇంత అని నేననుకోను. 1975-76లో ఉపగ్రహ బోధనా ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాల్లో, మన రాష్ట్ర గ్రామాలతో సహా, ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చుంది. అందులో వచ్చింది ప్రభుత్వ ప్రచారమే కావచ్చు, కాని చూడడం సామూహికంగా జరిగింది. 1988లో దూరదర్శన్‌లోనే గోవింద్ నిహలానీ "తమస్" వచ్చింది. ఆపాలని కోర్టులకి వెళ్ళినా ఆగలేదు. దానికి ముగింపు ఉంది, ఆ ముగింపు చూసేవాళ్ళని నిద్రపోనివ్వలేదు. పరికరం అదే, దాని మీద అధికారం ఎవరిదన్నదాన్ని బట్టి అది మారుతుంది.

నాటకం సంగతికి వస్తే, టిక్కెట్టు మీద బతికే సురభివాళ్ళ ఉదాహరణ మన ముందుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబ నాటకసమాజం "మాయాబజార్" ఆడుతూనే, బి.వి. కారంత్ దగ్గర పనిచేసి, బ్రెష్ట్ నాటకాన్ని "బస్తీ దేవత యాదమ్మ"గా ఆడింది. మంచిగా బతకాలంటే యాదమ్మకి డబ్బు ఎక్కడిది అన్నదే ఆ నాటకం. పౌరాణికాల సమాజం ఆ ప్రశ్న వెయ్యగలిగినప్పుడు, అభ్యుదయం మన సొత్తనుకునే మనం ఎర్ర దీపంతో సరిపెట్టుకుంటున్నాం.

మన పత్రికలు కవితా సంపుటాలకి పేజీలు ఇచ్చాయి, కథలకి ఇచ్చాయి. లక్షలమంది వింటున్న సీరియల్‌ని చదివి, దాని డైలాగుని, దాని పనిగంటల్ని, అందులో నటించే స్త్రీల దినభత్యాన్ని పరిశీలించిన వ్యాసాలు అరుదు. అసహ్యించుకోవడాన్నే విమర్శ అనుకున్నాం. యువ రచయితలకీ, విద్యార్థులకీ నేను చెప్పేది ఇదే: నాటిక రాసేటప్పుడు ఆమె గడప దాటిన చోట ఆపకండి. మరునాడు పొద్దున ఆమె ఏ బస్సెక్కింది, చేతిలో ఎంత ఉంది, ఎవరింట్లో పడుకుంది, ఏ పని దొరికింది - అక్కడినుంచి మొదలుపెట్టండి. అది బీడీలు చుడుతూ విన్నా అర్థమయ్యేలా రాయండి.

ఆ రాత్రి నా మార్కుల కాగితం మీద రాసిన "అభ్యుదయకరమైన ముగింపు" అన్న మాటని ఈ వ్యాసంతో కొట్టివేస్తున్నాను. ఆ నటికి వేసిన మార్కులు మాత్రం అలాగే ఉంచండి. వాటికి ఆమె అర్హురాలు.