పార ఆపిన చేతులు

పురావస్తు నిపుణుడనగానే ఎండలో గుంట తవ్వించే మనిషి గుర్తొస్తాడు. ఎక్కడ తవ్వాలో, ఎంత లోతు తవ్వాలో ఆయనే చెబుతాడు. అదే వృత్తిలో ఇంకో రకం పని ఉంది. పాత భవనానికి మరమ్మతు జరుగుతుంటే పక్కన నిలబడి చూడటం. నాకు దాని మీదే గౌరవం ఎక్కువ. పలక ఎక్కడ లేపాలో, గోడ ఎక్కడ కొట్టాలో మరమ్మతు పనే తేలుస్తుంది. అక్కడ ఏముందో చూసి, కొలిచి, ఫొటో తీసి, రాసుకోవడమే నిపుణుడి వంతు. ఏమీ దొరకని రోజున దొరకలేదనీ రాయాలి.

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో ఆక్స్‌బరో హాల్ ఉంది. చుట్టూ నీటి కందకం, మధ్యలో బెడింగ్‌ఫెల్డ్ వంశం 1482లో మొదలుపెట్టిన ఇటుక భవంతి. 2016లో పైకప్పులోని కిటికీ ఒకటి కూలడంతో, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ కప్పు బాగుచేతకు 60 లక్షల పౌండ్ల పని తలపెట్టింది. 2020 లాక్‌డౌన్‌లో పురావస్తు నిపుణుడు మాట్ చాంపియన్ ఒక్కరే అటక మీద కూర్చుని, నేల పలకల కింది దుమ్మును వేళ్లతో తడిమి వెతికారు. రెండు పాత ఎలుక గూళ్లలో మొదటి ఎలిజబెత్ కాలపు పట్టు, మఖమల్ పీలికలు 200కు పైగా దొరికాయి. దుమ్ము కింద ఉన్న సున్నపు గార పొర తేమను పీల్చేయడం వల్లే అవి కుళ్లకుండా మిగిలాయి.

అయితే అక్కడ దొరికినవాటిలో అపురూపమైన రెండు పనివాళ్ల కంటబడ్డాయి. 15వ శతాబ్దపు చేతిరాత కీర్తనల పుట ఒకటి చూరు కింది పెళ్లల్లో, బంగారు పూతతో తళుక్కుమంది. 1568 నాటి 'ద కింగ్స్ సామ్స్' పుస్తకం దాదాపు చెక్కుచెదరకుండా అటక సందులో దొరికింది. ఆ చేతులు పార ఆపకపోతే రెండూ పెళ్లలతో పాటే పోయేవి.

1990 నాటి ప్రణాళికా మార్గదర్శకాల తర్వాత, ఇంగ్లండ్‌లో ఇలాంటి పరిశీలనను నిర్మాణ అనుమతికి షరతుగా పెట్టడం మామూలైంది. షరతు నిపుణుణ్ణి పరంజా దాకా తేగలదు. పనివాడి చేత పార ఆపించేది మాత్రం నిపుణుడితో అతనికున్న చనువే. అందుకే ఈ పనిలో నేర్పు సగం కంటిది, సగం మాటది. పాత కట్టడానికి మరమ్మతు తలపెట్టేవారు మొదటిరోజే పనివాళ్లను కూర్చోబెట్టి, ఏం కనిపిస్తే ఆగాలో చెప్పాలి. దొరికినదాన్ని చూపించిన మనిషి పేరు నివేదికలో రాయాలి.