చెయ్యి మారిన వాచీ

సినిమాల్లో నా మొదటి ఉద్యోగం కంటిన్యుటీ చూడటం. హీరో చొక్కా చేతులు ఎన్ని మడతలు పెట్టాడు, టీ గ్లాసు ఎంతవరకు ఖాళీ అయింది, నుదుటి మీద గాయం కుడివైపా ఎడమవైపా, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. గుమ్మం బయటి షాటు ఇవాళ తీస్తే, లోపల కాలు పెట్టే షాటు ఇరవై రోజుల తర్వాత ఇంకో ఊళ్లో తీస్తారు. తెర మీద మాత్రం అది ఒక్క అడుగే. ఓసారి వాచీ చెయ్యి మారింది. ఎడిటింగ్ గదిలో ఎవరూ తిట్టలేదు. అందరూ ఒక్కసారి నా వైపు చూశారు, అంతే.

మొన్న ఇస్త్రీపెట్టె వేడెక్కకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. వైరు రెండు కొసలకూ మల్టీమీటరు ఆనించి, "కంటిన్యుటీ లేదు సార్" అన్నాడు. నా పాత ఉద్యోగం గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆయన లెక్క తేలిక: మీటరు కూస్తే ఉన్నట్టు, కూయకపోతే ఎక్కడో తెగినట్టు.

లెక్కల మాస్టార్లు దాన్నే అవిచ్ఛిన్నత అంటారు. పెన్ను ఎత్తకుండా గీయగలిగితే చాలని కాలేజీలో చెప్పారు. కానీ 1872లో జర్మన్ గణితవేత్త వయర్‌స్ట్రాస్ ఒక వక్రరేఖ చూపించాడు. అది ఎక్కడా తెగదు, అలాగని ఎక్కడా నునుపుగానూ ఉండదు. ఏ బిందువు దగ్గరా దానికి స్పర్శరేఖ గీయలేం. తెగకపోవడం వేరు, సాఫీగా సాగడం వేరన్నమాట.

మరి తెగినదాన్ని సాఫీగా సాగించడం? ఆ పని తెలిసినవాడు ఎఱ్ఱన. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం అరణ్యపర్వంలో, శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తుండగా ఆగిపోయింది. తిక్కన ఆ మిగులు ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. ఆ ఖాళీ పద్నాలుగో శతాబ్దపు ఎఱ్ఱన కోసం ఎదురుచూసింది. ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో చూడండి: శరత్కాలపు సూర్యోదయంతో! నన్నయ రాత్రికి తెల్లవారిందంతే. నడక కూడా నన్నయలా మొదలై, మెల్లగా తిక్కన వైపు జరుగుతుంది. చివరికి అంకితం సైతం తన కాలపు ప్రభువుకు కాదు, నన్నయ చేత రాయించిన రాజరాజనరేంద్రుడికే.

ఇరవై రోజుల ఎడంలో నేను వాచీ చెయ్యి తప్పాను. దాదాపు మూడు వందల ఏళ్ల ఎడంలో ఆయన ఋతువు తప్పలేదు.