చీలికకు సీతాకోకచిలుక

మా ఇంట్లో రాత బల్ల రెండో ఇల్లు మారేసరికే ఊగడం మొదలెట్టింది. రంపప్పొట్టు అతికించి చేసిన పలకలో స్క్రూ ఎన్నిసార్లని పట్టుకుంటుంది? బిగించిన కొద్దీ బెజ్జం పెద్దదయింది. ఆ కోపంతోనే ఉలి, జపాన్ రంపం కొన్నాను. ఆదివారాలు కుసి, అంటే బెజ్జంలో దూరే చెక్క కొన, చెక్కడం నేర్చుకుంటున్నాను.

బజారులో దొరికే మామూలు చేతిరంపం తోస్తే కోస్తుంది. జపాన్ రంపం లాగితే కోస్తుంది. లాగేటప్పుడు రేకు వంగదు కాబట్టి బాగా పల్చగా చేస్తారు, గాడి సన్నగా పడుతుంది. గీత మీద కాదు, గీత పక్కన కోయాలని తెలియడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

జపాన్ గుళ్ళలో మేకన్నదే ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. హోర్యూజీ గుడిలో కొలిమిలో సాగగొట్టిన ఇనుప మేకులున్నాయి. అక్కడి వడ్రంగుల అసలు గొప్పతనం చెక్క కదులుతుందని ఒప్పుకోవడంలో ఉంది. చెక్క పొడవునా దాదాపు మారదు. అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. వానాకాలం మన తలుపులు పట్టేసేది అందుకే. వాళ్ళు బల్లపలక అడుగున పొడవుకు అడ్డంగా గాడి తీసి, అందులోకి పట్టీని పక్కనుంచి జారుస్తారు. గాడి లోపల వెడల్పు, నోటి దగ్గర ఇరుకు. జిగురు ఉండదు. పలక వంగకుండా పట్టీ ఆపుతుంది, ఉబ్బితే అడ్డుపడదు. ఇంగ్లీషువాళ్ళకు పావురం తోకలా కనిపించిన ఈ ఆకారం జపాన్ వాళ్ళకు 'అరి', అంటే చీమ.

ఈ విద్యను కుర్చీలు, బల్లల్లోకి తెచ్చినవాళ్ళలో నాకు బాగా దగ్గరైనవాడు జార్జ్ నకషిమా. 1905లో అమెరికాలో పుట్టిన జపనీయుల బిడ్డ, చదివింది ఆర్కిటెక్చర్. 1930లలో పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ్ భవనం పనులు చూశాడు. నిజాం కొలువులోని అక్బర్ హైదరీ చొరవతో ఆ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో కట్టడం వల్ల దానికి ఆ పేరు! అరవిందులు అతనికి సుందరానంద అని పేరు పెట్టారు. 1942లో, జపనీయుల బిడ్డ అన్నందుకే, సొంత దేశమైన అమెరికా అతన్ని భార్యతో, పసిబిడ్డతో మినిడోకా నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడే గెంతారో హికొగావా అనే వడ్రంగి పక్కన కూర్చుని, దొరికిన తుక్కు కర్ర మీద జపాన్ పనిముట్లు పట్టడం నేర్చుకున్నాడు.

మన టింబర్ డిపోల్లో చీలిక ఉన్న పలకను పక్కకు నెట్టేస్తారు. నకషిమా దాన్నే ఏరుకునేవాడు. చీలికను పూడ్చేవాడు కాదు, దాచేవాడు కాదు. దానికి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో చెక్కముక్క పొదిగేవాడు. నడుము సన్నం, రెక్కలు వెడల్పు కాబట్టి చీలిక ఇంకా సాగదు. ఆ కుట్టు పైకి కనిపిస్తూనే ఉంటుంది.

నేను చేస్తున్న పీటకు నాలుగు కుసుల్లో మూడు బిగిశాయి. నాలుగోది గీత దాటి కోసేశాను, బెజ్జంలో గలగలలాడుతోంది. సందులో సన్నటి పుల్ల దూర్చాను. వాన తేమకు ఉబ్బి పట్టుకుంటుందేమోనని ఆషాఢం కోసం చూస్తున్నాను.