పల్లవి అందుకునే పాట

పిఠాపురం చుట్టుపక్కల పేటల్లో చాలా చర్చిల కట్టడం గురించి చెప్పుకోవలసింది పెద్దగా ఉండదు. నాలుగు గోడలు, ముందు సిలువ, లోపల చాపలు. పనితనం చూడాలంటే పాట మొదలయ్యేదాకా ఆగాలి.

ఈ ప్రాంతపు బాప్టిస్టు సంఘాలకు బాట వేసింది తెలుగువాడే, థామస్ గాబ్రియేలు. ఆయన పిలుపు మీద కెనడా మిషనరీ జాన్ మెక్‌లారిన్ 1874లో కాకినాడ వచ్చాడు. 1882లో సామర్లకోటలో బోధకుల బడి వెలిసింది. సంఘంలో చేరినవారు ఎక్కువగా అక్షరం అందని కూలిజనం. వాళ్ల చేతికి పుస్తకమిస్తే ఏం లాభం? నోటికి పాట కావాలి. ఆ పాటను పురుషోత్తమ చౌదరి (1803–1890) అప్పటికే కట్టి ఉంచాడు.

బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, తెలుగులో కీర్తనలు రాశాడాయన. పరదేశపు బాణీల జోలికి పోకుండా పల్లవి, చరణాల కట్టుబాటునే పట్టుకున్నాడు. 'త్రాహిమాం క్రీస్తు నాథ' చూడండి. పల్లవిలో 'త్రాహి'కి 'దేహి'ని ప్రాసగా వేశాడు. చదువు రానివాడికి ఆ 'హి' ఓ పట్టుకొమ్మ: మొదటి మాట నోట పడితే రెండోది దానంతటదే వస్తుంది. రక్షించమనే ఆ సంస్కృతపు మొర పక్కనే, ఓ చరణం ఎత్తుగడలో, 'గవ్వ చేయరాని' అంటాడు. సంతలో బేరమాడే మనిషి మాట అది! రెండింటినీ అతుకు కనపడకుండా కలపడం సామాన్యమైన పని కాదు.

పాడే తీరూ అలాగే కుదిరింది. చరణం పాస్టరు గారో, పాట బాగా వచ్చిన పెద్దావిడో ఎత్తుకుంటారు, పల్లవి అందరిదీ. చరణాలు రానివాళ్లు కూడా పాటలో సగం పాడినట్టే.

పాటల పుస్తకంలో చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. తుమరాడ సంగమేశ్వర శాస్త్రి వీణ పలికిన సంస్థానం పిఠాపురానిదే. కోటలో పేరు పెట్టి పిలిచే రాగాలు పేటలో పేరు అక్కర్లేకుండా నోళ్లలో నిలిచాయి. ఈమధ్య కీబోర్డులు వచ్చి తాళాన్ని ముందే బిగించేస్తున్నాయి, అది నాకంతగా నచ్చదు. డోలక్ వాయించేవాడైతే చరణం చివర పాడేవాళ్ల ఊపిరి చూసి అర క్షణం ఆగుతాడు, అప్పుడు పల్లవి మీద దరువు వేస్తాడు.