బిగించినవి లెక్కపెట్టాం, నీళ్లు కొలిచామా?

న్యూయార్క్ నగరం 1994 నుంచి 1997 వరకు ఒక చిత్రమైన పథకం నడిపింది. ఇంట్లో ఉన్న పాత కమోడ్ తీయించి, తక్కువ నీటితో పనిచేసే కొత్తది పెట్టించుకున్న యజమానికి 240 డాలర్ల వరకు తిరిగి ఇచ్చింది. ఆ మూడేళ్లలో సుమారు 13 లక్షల కమోడ్లు మారాయి. నీటి పొదుపు మీద వచ్చే వ్యాసాల్లో ఈ అంకె తరచు కనిపిస్తుంది, అదే ఫలితం అన్నట్లు. నా అభ్యంతరం అక్కడే. 13 లక్షలు అనేది బిగించిన పరికరాల సంఖ్య. మిగిలిన నీళ్లెన్ని అనేది వేరే ప్రశ్న.

ముందు లెక్క చూద్దాం. చాలా పాత టాంకులు ఒకసారి నొక్కితే 5 గాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు వదిలేవి. తర్వాత వచ్చినవి 3.5 గాలన్లు, అంటే 13 లీటర్లు. 1992లో అమెరికా చేసిన చట్టం ప్రకారం 1994 జనవరి 1 నుంచి ఇళ్లకు తయారయ్యేవి 1.6 గాలన్లు మించరాదు. అది 6 లీటర్లు. తొలి రోజుల్లో వచ్చిన కొన్ని నమూనాలు సరిగా శుభ్రం చేయలేక రెండుసార్లు నొక్కవలసి వచ్చేదని జనం విసుక్కున్నారు. రెండుసార్లు నొక్కితే 12 లీటర్లు. 19 లీటర్ల టాంకును మార్చిన ఇంట్లో అప్పటికీ లాభమే. 13 లీటర్ల దాన్ని మార్చిన ఇంట్లో దాదాపు ఏమీ మిగలదు. కాబట్టి కొత్తది ఏమిటో చూస్తే చాలదు, తీసేసిన పాతది ఏమిటో కూడా తనిఖీదారు రాసుకోవాలి.

ఇలాంటి పథకాల్లో తనిఖీ సాధారణంగా డబ్బు చేతికిచ్చే ముందే జరుగుతుంది. పింగాణీ మీద 1.6 అని ముద్ర ఉందా, పాతది తీసేశారా అని చూస్తారు. ఆ ముద్ర ఫాక్టరీ నుంచి బయలుదేరిన నాటి మాట. టాంకు అడుగున నీటిని ఆపే రబ్బరు మూత ఒకటి ఉంటుంది. వాసన పోవడానికి కొందరు టాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు ఆ రబ్బరును తినేస్తాయి. మూత పాడై ఏదో ఒక మూత కొని వేస్తే, అది ఆలస్యంగా మూసుకుని 6 లీటర్లకు మించి వదలవచ్చు. పాడైన మూతను అలాగే వదిలేస్తే సన్నగా కారుతుంది. నిమిషానికి 100 మిల్లీలీటర్లు కారిందనుకుందాం, చప్పుడు కూడా వినబడదు. రోజుకు 144 లీటర్లు! ఒక్కో నొక్కుకు 13 లీటర్లు ఆదా అనుకుంటే, పదకొండు నొక్కుల ఆదా ఆ కారుడులోనే పోయింది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. మీ ఇంట్లో ఫ్లష్ టాంకు ఉంటే అందులో కాస్త తినే రంగు కలిపి, పావుగంట ఎవరూ నొక్కకుండా చూడండి. కమోడ్‌లో రంగు కనబడితే మూత కారుతున్నట్లే.

అన్ని ఇళ్లకూ రెండోసారి వెళ్లడం ఎలా అంటారా? వెళ్లనవసరం లేదు. నిజంగా యాదృచ్ఛికంగా ఎంచిన 400 ఇళ్లు చూస్తే, కారుతున్నవి ఎంత శాతమో సుమారు 5 శాతం అటూ ఇటుగా తెలిసిపోతుంది. మొత్తం ఇళ్లు లక్షయినా 13 లక్షలైనా ఆ 400 చాలు. సులువుగా తలుపు తీసిన 400 ఇళ్లు మాత్రం పనికిరావు.

న్యూయార్క్‌కు న్యాయం చేయాలి. పథకంలో చేరిన అపార్ట్‌మెంట్ల మీటర్లను అక్కడ ముందూ తర్వాతా పోల్చారు. నీటి వాడకం సగటున 29 శాతం తగ్గిందని తేలింది. సరైన పద్ధతి ఇదే. అయితే అదే కాలంలో నగరమంతా నీటి మీటర్లు బిగిస్తున్నారు, కారే గొట్టాలనూ బాగు చేస్తున్నారు. కమోడ్ మార్చని భవనాలను పక్కన పెట్టి పోల్చనిదే ఆ 29లో కమోడ్ వాటా ఎంతో విడదీయలేం.

మన దగ్గర కమోడ్లకు కాకపోయినా డ్రిప్పు గొట్టాలకు రాయితీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. పొలంలో గొట్టాలు పరిచి ఉన్నాయా అన్నది ఫొటోలో కనిపిస్తుంది. ఉప్పునీటి బోరు కింద డ్రిప్పరు రంధ్రాలు పూడుకుపోయాయా అన్నది ఫొటోలో కనిపించదు. గంటకు 4 లీటర్లు ఇవ్వవలసిన డ్రిప్పరు కింద గిన్నె పెట్టి, పావుగంటలో లీటరు పడిందో లేదో చూడాలి. వరుస మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చిట్టచివర ఒకటి. ఆ చివరిదాని దాకా నడిచి వెళ్లాలి.