మంచులోఁ బిలిచిన పాప

ఆంగ్ల రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ వ్రాసిన 'ముసలి దాది చెప్పిన కథ' 1852వ సంవత్సరమున, డికెన్సు నడపిన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' పత్రిక క్రిస్మసు సంచికలో వెలువడెను. తల్లిదండ్రులు లేని రోజమండ్ అను పసిపాప ఉత్తర ఇంగ్లాండులో బంధువుల పాతభవనమునఁ బెరుగుచుండును. మంచు కురిసిన యొకనాఁడు వెలుపలినుండి యొక బాలిక యామెను ఆటకుఁ బిలుచును. వెంటఁబోయిన పాప చలికిఁ గొయ్యబాఱి, గొఱ్ఱెలకాపరి చేతులలో నిలు సేరును.

ఆ బాలిక యెవరు? ఆ యింటి మనుమరాలే. పెద్దకూఁతురు విదేశీయుఁడగు సంగీతవిద్వాంసుని రహస్యముగా వివాహమాడెను. అసూయచేఁ జెల్లెలు దానిని తండ్రికిఁ దెలిపెను. తండ్రి పసిబిడ్డను ఊఁతకఱ్ఱతోఁ గొట్టి, తల్లితోఁగూడ మంచులోనికి వెడలఁగొట్టెను. బిడ్డ మరణించెను. ఈ పూర్వకథనంతయు నొక పనిమనిషి నోటఁ గుప్పగాఁ జెప్పించుట మాకు లోపముగాఁ దోఁచినది.

ఆ రూపములు పాపకు మాత్రమే కనఁబడవలెనని డికెన్సు సూచించెను, గాస్కెల్ అంగీకరింపలేదు. ఆమె ముగింపులో నక్కడివారందఱును వానిఁ జూతురు. ముదుసలియైన చెల్లెలు, నాఁడు నిర్దయగాఁ జూచుచు నిలిచిన తన యౌవనరూపమునే యెదుటఁ గాంచి కూలిపోవును.

డికెన్సు మాట వినియున్నచో నిదియంతయుఁ బసిదాని భ్రమయని పెద్దలు తప్పించుకొనెడివారు. పరువుపేర నొక బిడ్డను వెడలఁగొట్టిన యిల్లు మఱియొక బిడ్డకును క్షేమము గాదనుటయే యీ కథ సారము. బూచిపేరఁ బిల్లలను బెదరించు పెద్దలు దీనిని ముందుగాఁ దాము చదువవలెనని మా మనవి.