ముందు మేస్త్రి, పిమ్మట మోటారు

పాతబడిన మోటారుకారును, అందునను నలుగురి యింట కనబడని జాతి కారును, ధనమిచ్చి కొని, దానిని మరల నడిపించుటకై కొన్న వెలకు పలురెట్లు వ్యయమును, వ్యయముకన్న విలువైన కాలమును వెచ్చించుట యుక్తమా కాదా అని యీ మధ్య నన్ను అడుగువారు ఎక్కువైనారు. పాలకొల్లు, భీమవరము, అమలాపురము ప్రాంతములలో తాతల నాటి షెడ్లను పడగొట్టి మేడలు కట్టుకొనుచున్న యువకులకు, కొబ్బరిమట్టల క్రిందను, ధాన్యపు గోనెల వెనుకను ఎన్నడో ఆగిపోయిన బండి యొకటి బయటపడుట అరుదు కాదు. దానిని పాత యినుముల వానికి తూకమున ఇచ్చివేయవలెనా, బాగుచేయించవలెనా అనునది వారి సందేహము. లెక్క మాత్రమే చూచినచో సమాధానము ఒక్క మాటలో ముగియును: గిట్టదు. అయినను నేను అట్టి కారు నొకదానిని కొంటిని, బాగుచేయించితిని, నేటికిని దానిమీదనే రాజమహేంద్రవరమునుండి ధవళేశ్వరమునకు, ఒక్కొక్కప్పుడు రావులపాలెము వరకును పోయి వచ్చుచున్నాను. ఇతరులను గూడ కొనుడనియే చెప్పుచున్నాను, కాని ఒక నియమముతో చెప్పుచున్నాను.

గిట్టదనుటకు కారణము స్పష్టము. కారు కొన్న ధర మొత్తము వ్యయములో అల్పభాగము. రేకుపని, రంగు, ఇంజను బోరింగు, వైరింగు, తలుపుల రబ్బరు, సీట్ల కుట్టుపని, వీనిలో ఏదియు చౌక కాదు, ఏదియు విడువదగినది కాదు. అంబాసిడరునకో, ప్రీమియర్ పద్మినికో అభిమానులు వేలకొలది కలరు, సామానులు దొరకును, అమ్మదలచిన కొనువారు వత్తురు. అరుదైన బండికి ఆ సౌకర్యము లేదు. దీనిని పెట్టుబడిగా భావించువారు ఆ ధనముతో రెండు కుంచముల కొబ్బరితోట కొనుట మేలని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

నాది స్టాండర్డు హెరాల్డు, నాలుగు తలుపులది. మద్రాసు చెంత వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు 1961 నుండి ఈ జాతి కార్లను చేసిరి. ఇంగ్లండులో 1959లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డు దీనికి మాతృక. రూపకల్పన చేసినవాడు టురిన్ నగరమునకు చెందిన జొవాన్ని మికెలోటి. ఇంగ్లండువారి హెరాల్డు సెలూనుకు రెండే తలుపులు. తాతయు, నాయనమ్మయు, పిల్లలును కలిసి ప్రయాణము చేయు మన కుటుంబములకు అది యిమడదని గ్రహించి, మద్రాసువారు నాలుగు తలుపులది సృష్టించిరి. అట్టిది మన దేశమునందు తప్ప మరెక్కడను తయారు కాలేదు. 948 సీసీ గల ఆ చిన్న ఇంజనుతోనే 1970లలో దాని తమ్ముడు గెజెల్ కూడ వచ్చెను. ఆ పిమ్మట ఆ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అను పెద్ద కారును తెచ్చి, కొలది యేండ్లకే కార్ల తయారీని మానుకొనెను. తయారుచేసినవారే లేని బండికి సామానులు ఎవరిని అడుగవలెనో పాఠకులే ఊహింపవచ్చును.

అయినను హెరాల్డునందు ఒక సుగుణము కలదు. దాని చరిత్ర మిక్కిలి రుచ్యమైనది. ఆ కాలమున ఇతర కంపెనీలు ఛాసిస్‌ను విడనాడి, కారు శరీరమంతయు ఒక్క పెట్టెగా అతికించు పద్ధతికి మరలుచుండగా, స్టాండర్డ్-ట్రయంఫ్ వారు మాత్రము పాత పద్ధతినే ఆశ్రయింపవలసి వచ్చెను. ఏలయన, వారికి బాడీలు చేసి యిచ్చుచుండిన ఫిషర్ అండ్ లడ్లో అను సంస్థను 1953లో వారి ప్రత్యర్థియగు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ కొనివేసినది. ఒక్క పెద్ద బాడీని చేయించుకొను దారి మూసికొనిపోగా, చిన్న చిన్న భాగములను వేర్వేరు చోట్ల చేయించి, గట్టి ఛాసిస్ మీద బోల్టులతో బిగించు ఉపాయమును వారు పన్నిరి. ఇంగ్లండులోని యిద్దరు వర్తకుల నడుమ పుట్టిన ఆ చిక్కు మూలమున, గోదావరి యొడ్డున ఒక రేకుల షెడ్డులో, పెద్ద యంత్రము లేవియు లేకుండ, స్పానర్లతోను నలుగురు మనుష్యుల భుజబలముతోను మేము కారు బాడీని భాగములుగా విప్పి ప్రక్కన పెట్టగలిగితిమి. ముందరి మడ్‌గార్డులును బానెట్టును కలిసి ఒక్కటిగా ముందునకు వాలును. ఇంజనుకు అటొకరు ఇటొకరు చక్రములమీద కూర్చుండి పని చేసికొనవచ్చును.

మన సీమకు తగిన గుణము మరొకటి కలదు. ఈ కారు సుమారు 25 అడుగుల వలయములో పూర్తిగా తిరుగును. కాలువగట్టు మీద ఎదుటనుండి ధాన్యపు లారీ వచ్చినప్పుడు, ఒక ప్రక్క నీరు, మరొక ప్రక్క చేను తప్ప వేరు చోటు లేని స్థలములలో, బండిని వెనుకకు త్రిప్పుకొనిపోవుట యెంత కష్టమో డెల్టావాసులకు చెప్పనక్కరలేదు. 1974లో రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ రోడ్డు-రైలు వంతెన వెలయునంతవరకు ఇచ్చటి మోటారులకు గోదావరి దాటుటయే ఒక మహాకార్యము. నరసాపురము, సఖినేటిపల్లి రేవుల నడుమ నేటికిని బండ్లు పంటు మీదనే దాటుచున్నవి. అట్టి పంటు మీదికి ఇరుకు పలకలపై ఎక్కి, లోపల ఒదిగి తిరిగి నిలువగల కారు హెరాల్డు. దాని దోషమును గూడ దాచరాదు. వెనుక ఇరుసులు ఊగు జాతివి గనుక మలుపులో వేగము దానికి సరిపడదు. తొందరగలవారు దానిని కొనరాదు.

ఇక డెల్టాలో పాత కారునకు ప్రబల శత్రువులు రెండు: అంతర్వేదినుండి కాకినాడవరకు తీరమంతట వీచు ఉప్పుగాలి యొకటి, వరదనీరు రెండవది. నా బండి ఒక లంక గ్రామమునుండి వచ్చినది. 1986 ఆగష్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించి పారిన గోదావరి ఆ యింటి షెడ్డులోనికి వచ్చి, కారును సీట్లవరకు ముంచిపోయినదని అమ్మినవారు చెప్పిరి. బాడీ విప్పి, ఛాసిస్‌ను ప్రక్కకు ఒరగించి సుత్తితో తట్టగా, పెట్టెవంటి ఆ యినుప దూలముల లోపలినుండి బూడిదవన్నె ఒండ్రు రాలినది. ఇన్ని సంవత్సరములు ఆ మన్ను తేమను పట్టియుంచి ఇనుమును లోపలినుండి తినుచు వచ్చినది. ఛాసిస్ నుండి ఇరుప్రక్కలకు చాచుకొని బాడీని మోయు చేతులు హెరాల్డునందు ముందుగా క్షయించునవి. నా బండిలో వానిలో సగము చేతితో నలుపగా పొడియైనవి. వానిని కొత్త రేకుతో మడచి, గ్యాసు వెల్డింగుతో అతికించితిమి. కొనువారు ఒక చిన్న అయస్కాంతమును వెంట తీసికొనిపోయి తలుపుల అడుగుభాగములను తాకించి చూడవలెను. అది అంటుకొననిచోట రంగుక్రింద నున్నది రేకు కాదు, లప్పము.

ఈ పనియంతయు చేసిన మేస్త్రి డెబ్బదియేండ్లు దాటినవాడు. పసితనముననే గోదావరిగట్టు దరినున్న ఒక షెడ్డులో పానాలందించు కుఱ్ఱవాడుగా చేరి, వ్యాన్‌గార్డులు, ల్యాండ్‌మాస్టర్లు, డాడ్జిలు విప్పుచు పెరిగినవాడు. మొదటి దినముననే బండి ముందరి చక్రముల వద్ద వంగి, ట్రనియన్ అను కీలును చూపి ఆయన అన్న మాటలు నేను మరువలేదు: "దీనికి గ్రీజు పెట్టకూడదండి. గేరాయిలే పొయ్యాలండి. గ్రీజు కొడితే లోపలికి దిగదండి, మర పట్టేసి, రోడ్డు మీద చక్రం విరిగి పడుకుంటాదండి. మా గురువుగారు చెవి మెలేసి చెప్పిన మాటండి అది."

ఇది అక్షరసత్యము. హెరాల్డు ముందరి కీళ్ళకు వాడవలసినది చిక్కని గేరు ఆయిలు. కాని గ్రీజు గన్ను చేతబట్టిన యే వర్క్‌షాపు కుఱ్ఱవాడైనను అలవాటు చొప్పున గ్రీజే యెక్కించును, కారు బాగుపడినదనియే యజమాని సంతోషించును, కీలు తుప్పుపట్టి విరుగునాడు గాని నిజము తెలియదు. ఇంగ్లీషు పుస్తకములలో ఈ విషయము లేకపోలేదు. అయితే ఆ కీలును విప్పినప్పుడు మరలో ఎంత అరుగుదల సహింపవచ్చునో, ఎంత అయినపుడు పారవేయవలెనో, బిగించిన తరువాత ఎంత వదులీయవలెనో పుస్తకము అంకెలలో చెప్పును. ఆయన వ్రేళ్ళు స్పర్శతో చెప్పును, ఆ రెండును ఏకీభవించుట నేను స్వయముగా కొలిచి చూచి ఆశ్చర్యపడితిని. నా నియమము దీనినుండి పుట్టినదే: కారును వెదకుటకు పూర్వము మేస్త్రిని వెదకుడు. మీరున్న చోటికి ఒక పూట ప్రయాణములో, ఆ జాతి ఇంజనును చేతులార విప్పి బిగించిన మనుష్యుడు లేనిచో, ఎంత చక్కని బండియైనను, ఎంత చౌకగా వచ్చినను కొనవద్దు. సామానులను సంపాదింపవచ్చును. చెన్నై పుదుప్పేటలో పాత బండ్ల సామానుల దుకాణములు వీధుల పొడవున కలవు. విజయవాడ ఆటోనగరులో బుష్షులు, షాఫ్టులు చూపిన నమూనాకు సరిగా తిప్పి యిచ్చు లేతు పనివారు కలరు. కమాను పట్టీలను కొలిమిలో కాచి వంపు తెచ్చువారు ఇచ్చటనే యున్నారు. అరిగిన దానిని అరుగని దానినుండి వేరుచేయు చూపు మాత్రము ఏ బజారులోను దొరకదు, ఆ చూపు గలవారిలో అనేకులు ఇప్పటికే పనిముట్లు ప్రక్కన పెట్టినారు.

పాత కారును బాగుచేయించుట వలన నిజముగా దక్కు ఫలము, నా అభిప్రాయమున, ఈ విద్య మరికొంతకాలము పనిలో నిలుచుటయే. ఇనుప వస్తువు నొకదానిని కాపాడితిమను తృప్తి నాకు రెండవ పక్షము. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకొనగోరి, 1911లో తాను మరణించుట చేత చూడనైనను నోచుకొనని పసుపువన్నె రోల్స్‌రాయిస్ నేడు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమునందు దేదీప్యమానముగా నున్నది. దానిని చూచి ముగ్ధుడను కానివాడను కాను. కాని అది రాజుల సొత్తు, దానికి అద్దాల గది తగును. హెరాల్డు బడిపిల్లలను దింపి, పెండ్లివారిని మోసి, ఆసుపత్రికి పరుగెత్తిన బండి. దానిని నిలిపియుంచిన అర్థము పోవును. కాటన్ దొర 1852లో ఆనకట్ట ముగించి త్రవ్వించిన కాలువలు నేటికిని ప్రవహించుచున్నవన్న, వేసవిలో నీరు కట్టివేసి పూడిక తీసి, గట్లు సరిచేసి, మరల నీరు విడుచుచుండుట చేతనే. 1900లో తెఱచిన హేవలాక్ వంతెనపై 1997లో రైళ్ళు ఆగినవి. నాటినుండి దాని శిథిలావస్థను గూర్చి మనము విచారపడుచునే యున్నాము.

ఈ దృష్టితోనే వింటేజి వాహనముల నిబంధనలను గూడ యోచింపవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడని వాహనములకు వేరు నమోదును కల్పించినది. కొత్తగా నమోదు చేయించినచో రుసుము 20,000 రూపాయలు, పదియేండ్ల గడువు, సంఖ్యలో వీఏ అను అక్షరములు. పూర్వమే నమోదైన బండి తన పాత సంఖ్యను నిలుపుకొనవచ్చును. ఈ ఏర్పాటు మెచ్చదగినదే. కాని ఆ తరగతిలో చేరిన బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలునకు, మరమ్మతునకు తప్ప నిత్యోపయోగమునకు రోడ్డెక్కరాదు. కావున నేను ఆ దారి పట్టక, సామాన్యమైన కారువలెనే అయిదేండ్లకొకమారు బ్రేకు ఇన్‌స్పెక్టరుగారి యెదుట నిలిపి, పరీక్ష చేయించి, ఆర్.సి. పునరుద్ధరించుకొనుచున్నాను. అమ్మువాని వద్ద ఆర్.సి. లేనిచో, తాతగారి పేరుననున్న కాగితములు వారసుల పేరిటికి మారనిచో, బండి యెంత నచ్చినను ధనము చేతికీయవలదు.

ఇటీవలి చిక్కు పెట్రోలుది. చెఱకునుండియు నూకలనుండియు తీసిన ఇథనాల్ పెట్రోలులో ఇరువది శాతమువరకు కలియుచున్నది. మన రైతునకు అది మేలు గనుక నేను దానిని నిందింపను. కాని పాత రబ్బరు గొట్టములను, పంపులోని పొరను అది మెత్తబరచి చీల్చును. తేమను ఆకర్షించి ట్యాంకులో తుప్పు పుట్టించును. కొత్త రకపు గొట్టములు వేయించి, కార్బురేటరు జెట్టును కొంచెము పెద్దది పెట్టి, బండిని వారములకొలది కదలనీయక నిలుపకుండుట యొక్కటే మార్గము. ఇచ్చట గూడ నడిపించుటయే ఔషధమని తేలుచున్నది.

మేస్త్రి వద్దకు ఇప్పుడు పాలిటెక్నిక్‌లో చదువు యువకు లిద్దరు ఆదివారములందు వచ్చుచున్నారు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్ల నడుమ ఎడము సరిచేయుటను ఆయన వారికి చూపి, తరువాత తానే దానిని చెడగొట్టి, మరల సరిచేయుడని విడిచిపెట్టుచున్నాడు. కంప్యూటరు తగిలించి దోషమును చదువుట నేర్చిన ఆ చేతులు, ఇంజను శబ్దమును బట్టి దోషమును పోల్చుటకు అలవాటు పడుచుండగా చూచుట నాకు మహానందముగా నున్నది. రెండవ గేరు నుండి జారుచున్న మా హెరాల్డు గేరుబాక్సును సంక్రాంతి వెళ్ళిన పిమ్మట దింపి విప్పుదమని మేస్త్రి నిశ్చయించినాడు. చూచి నేర్చుకొనగోరు యువకులు ఎవరైనను రావచ్చును. చేతులు మసియగుటకు సిద్ధపడి రావలెను.